మిల్లు కాలువ నీళ్లు తహారత్ సమస్యా? హక్కుల సమస్యా?

1989లో మాట. అప్పుడు మేము ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ జిల్లాలో ఒక మదరసాలో చదువుకుంటున్నాము. షాబాన్ నెలలో సెలవులిచ్చారు. హైదరాబాదు రైలుకు ఇంకా నాలుగు రోజులుండటంతో, మాతో ఒకే గదిలో ఉండే మిత్రుడు తమ ఊరికి రమ్మని తీసుకెళ్లాడు. ముజఫర్‌నగర్ జిల్లాలో కాలీ నది పక్కన చిన్న పల్లె అది. ఎటు చూసినా చెరకే. దారి పొడుగునా మిల్లుకు చెరకు మోసుకెళ్లే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రాత్రంతా బండి మీదే దుప్పటి కప్పుకుని పడుకున్న రైతులు తెల్లవారి మాతోపాటే ఫజర్ నమాజు చేశారు.

ఆ ఊరి మస్జిదు నది ఒడ్డునే ఉంది. నీళ్లలోకి దిగటానికి రాతి మెట్లున్నాయి. ఒకప్పుడు అందరూ అక్కడే వుజూ చేసేవారట. మేము వెళ్లేనాటికి ఆ మెట్ల మీద గడ్డి మొలిచి ఉంది. కింద నది నల్లగా ఉంది. పైన తెల్లటి నురగ. వాసన మాత్రం మురుగు వాసన కాదు. పులిసిన బెల్లం పాకం వాసన. మొదట ముక్కుకు తియ్యగా తగిలి, ఆ వెంటనే కడుపులో తిప్పే వాసన. మా మిత్రుని తాత మెట్ల పైన నిలబడి చేతికర్రతో నీళ్లను చూపి, నవ్వుతూ అడిగారు.

"మౌల్వీ సాహెబ్, ఈ నీళ్లతో వుజూ అవుతుందా?"

ఇరవై ఏళ్ల వయసు. పాఠాలు నోటికి వచ్చిన రోజులు. "దాదా మియా, నీటి రంగు, రుచి, వాసన మారితే ఆ నీరు పనికిరాదు కదా" అన్నాము.

"అది నజాసత్ కలిసి మారినప్పటి సంగతి కదా బేటా! ఇందులో కలిసింది మా పొలంలో పండిన చెరకు రసమే. పాక్ వస్తువే. మరి నిరుడు చేపలన్నీ తెల్లగా తేలి ఎందుకు చచ్చాయి?"

మా దగ్గర జవాబు లేదు. ఆ పెద్దాయన మమ్మల్ని ఏడిపించటానికి అడిగినా, ఆ ప్రశ్న మాత్రం ఇన్నేళ్లుగా మమ్మల్ని వదల్లేదు. పిల్లలకు తహారత్ అధ్యాయం బోధించే ప్రతిసారీ గుర్తుకొస్తుంది.

ఆయన అన్నదాంట్లో ఫిఖ్‌హ్ పరంగా తప్పేమీ లేదు. పాక్ అయిన వస్తువేదైనా నీటిలో కలిసి దాని గుణం కొంత మారినా, నీరు నీరుగా పలచగా ఉన్నంతవరకు దానితో వుజూ చెల్లుతుందని హనఫీ గ్రంథాలు చెబుతాయి. చెరకు రసం నజాసత్ కాదు. నిజానికి మిల్లు కాలువలో చెరకు రసం ఒక్కటే ఉండదనుకోండి. యంత్రాలకు పూసిన నూనె, పాత్రలు కడిగిన కాస్టిక్ సోడా, ఆమ్లం, నేల కడిగిన నీళ్లు, బాయిలర్ నీళ్లు అన్నీ కలిసి వస్తాయి. అయినా నదిని చంపేది ప్రధానంగా ఆ తియ్యదనమే. ఎలాగో కాస్త వివరంగా చూద్దాం. ఇది తెలియకపోతే చట్టం ఏమి అడుగుతున్నదో, ఎందుకు అడుగుతున్నదో బోధపడదు.

నీటిలో చేప బతికేది అందులో కరిగి ఉన్న ప్రాణవాయువుతో. మన వాతావరణంలో పరిశుభ్రమైన నదీ జలంలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. 4 కన్నా తగ్గితే చాలా రకాల చేపలకు ఊపిరాడదు. నీళ్లలో చక్కెర కలిస్తే కంటికి కనిపించని సూక్ష్మజీవులకు అది విందు. అవి తింటాయి, కోట్లాదిగా పెరుగుతాయి, నీటిలోని ప్రాణవాయువునంతా అవే పీల్చేస్తాయి. అలా ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుందో కొలిచే లెక్కనే బీఓడీ అంటారు. చక్కెర మిల్లు నుండి శుద్ధి చేయకుండా వచ్చే నీటికి ఈ బీఓడీ లీటరుకు 1,000 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకు పైన కూడా ఉంటుంది. అంటే ఒక్క లీటరు మిల్లు నీరు 125 లీటర్ల మంచి నీటిలోని ప్రాణవాయువును మింగేయగలదన్నమాట. ఇక మిల్లు పక్కనే మొలాసిస్‌తో సారాయి, స్పిరిట్ తీసే డిస్టిలరీ ఉంటే దాని నుండి వచ్చే వ్యర్థ జలం సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని బీఓడీ 40,000 నుండి 50,000 దాకా ఉంటుంది.

దీనికి కాలం కూడా కలిసి వస్తుంది. చెరకు గానుగాడేది నవంబరు మొదలు మార్చి, ఏప్రిల్ దాకా. సరిగ్గా ఆ నెలల్లోనే వాగులు, నదులు ఎండిపోయి సన్నని పాయలవుతాయి. వర్షాకాలంలో అయితే పారే నీటిలో కలిసి పోయేదేమో. మిల్లు నడిచేటప్పుడు నది ఉండదు. నది నిండినప్పుడు మిల్లు నడవదు.

అందుకే తాతగారి ప్రశ్నకు జవాబు తహారత్ అధ్యాయంలో దొరకదు. మేము వెతికింది తప్పు అధ్యాయంలో. పాక్ వస్తువే అయినా సాటివారికి నష్టం కలిగితే ఆ సమస్య హుఖూఖుల్ ఇబాద్ కిందకు వస్తుంది. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. జనం నీళ్లు తీసుకునే చోట, నడిచే దారిలో, సేదతీరే నీడలో మలవిసర్జన చేయటం శాపగ్రస్తమైన పని అని హెచ్చరించారు. ఇందులో దారినీ, నీడనూ నీటితో కలిపి చెప్పటం గమనించండి. అక్కడ విషయం కేవలం నజాసత్ మాత్రమే కాదు, నలుగురికీ చెందినదాన్ని ఒకడు పాడుచేయటం. నీరు జనులందరి ఉమ్మడి సొత్తని కూడా ఆయన (స) బోధించారు. ఉమ్మడి సొత్తులో ఒక భాగస్థుడు తన వాటాకు మించి వాడుకుంటేనే తప్పు. మిగిలిన వారి వాటాను వారికి పనికి రాకుండా చేస్తే?

మరి దీనికి కొలతలు, హద్దులు పెట్టడం ప్రభుత్వాల పనే గాని ధర్మానికి సంబంధమేమిటని కొందరు సోదరులు అంటారు. మన మదరసాలలో శతాబ్దాలుగా చదివే హిదాయాలో, బీడు భూముల సాగు అధ్యాయంలో, బావి చుట్టూ 40 మూరల హరీం అని రాసి ఉంది. హరీం అంటే ఆ బావికి రక్షణగా వదిలిన స్థలం. అందులో మరొకరు బావి తవ్వరాదు. ఊటకు 500 మూరలు. అంటే మన ఫుఖహా నీటికి గీత గీసి, అంకె చెప్పి మరీ కాపలా పెట్టారు. మంచినీటి బావికి, మురుగు గుంటకు మధ్య ఎంత దూరం ఉండాలన్న చర్చ కూడా హనఫీ గ్రంథాలలో ఉంది. ఒకరు 5 మూరలన్నారు, ఒకరు 7 మూరలన్నారు. ఇంకొక పెద్దాయన, షమ్సుల్ అయిమ్మా హల్వానీ, అసలు ప్రమాణం మూరలు కాదన్నారు. నేల గట్టిదైతే ఒకలా, ఇసుకదైతే ఒకలా ఉంటుంది కనుక బావి నీటి రంగు, రుచి, వాసన మారిందా లేదా అన్నదే చూడాలన్నారు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్లీ దీని దగ్గరకే రావలసి ఉంది.

ఇప్పుడు మన దేశపు చట్టం సంగతి. జల కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. దాని కిందనే రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు ఏర్పడ్డాయి. మండలి అనుమతి లేనిదే ఏ మిల్లూ నీళ్లు బయటికి వదలరాదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. చక్కెర మిల్లులకు ప్రత్యేకంగా ప్రమాణాలు పెట్టి, 2016 జనవరిలో కేంద్రం వాటిని మరింత బిగించింది. నదిలోకి వదిలే నీటి బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటరాదు. పొలాలకు వదిలితే 100 దాటరాదు. అంతకన్నా ముఖ్యమైనది నీటి పరిమాణం మీద పెట్టిన హద్దు. అంతకుముందు టన్ను చెరకుకు 400 లీటర్ల వ్యర్థ జలం వదలవచ్చని ఉండేది. 2016లో దాన్ని 200 లీటర్లకు తగ్గించారు. రోజుకు 5,000 టన్నులు ఆడే మిల్లు 20 లక్షల లీటర్లు వదిలే చోట 10 లక్షల లీటర్లే వదలాలి.

ఇది మిల్లుల నెత్తిన మోయలేని బరువేమీ కాదు. చెరకులో నూటికి 70 వంతులు నీరే. టన్ను చెరకుతోపాటు దాదాపు 700 లీటర్ల నీరు దానంతటదే మిల్లులోకి నడిచి వస్తుంది. రసాన్ని మరిగించినప్పుడు ఆవిరై లేచే ఆ నీటిని పట్టి చల్లార్చి తిరిగి వాడుకుంటే, బావి నుండో కాలువ నుండో తోడవలసిన అవసరం చాలావరకు తగ్గిపోతుంది. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీళ్లు వృథా చేయరాదని నేర్చుకున్న మనకు ఈ 200 లీటర్ల హద్దు విచిత్రంగా తోచనక్కర్లేదు.

ఆ నియమాలలోనే ఇంకొకటి ఉంది. పత్రికలలో ఎక్కడా దాని మీద చర్చ జరిగినట్లు లేదు గాని, మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. వ్యర్థ జలాల శుద్ధి కేంద్రాన్ని గానుగ మొదలు కావటానికి ఒక నెల ముందే నడపటం మొదలుపెట్టి, గానుగ ఆగిపోయాక మరో నెల దాకా నడపాలి. కారణం ఇంట్లో ఆడవాళ్లకు బాగా తెలుసు. పాలు పోసిన మరుక్షణం పెరుగు కాదు. తోడు వేయాలి, వెచ్చగా ఉంచాలి, రాత్రంతా ఆగాలి. శుద్ధి తొట్లలో పని చేసేవి కూడా సూక్ష్మజీవులే. వాటిని ముందుగా పెంచి, గాలి ఊది, బలం పట్టనివ్వాలి. అలా చేయకుండా గానుగ మొదలైన రోజునే మీట నొక్కితే మొదటి కొన్ని వారాల నీళ్లన్నీ శుద్ధి కాకుండానే పోతాయి. గాలి ఊదే యంత్రాలను కరెంటు ఖర్చు మిగులుతుందని రాత్రిళ్లు ఆపివేసినా అంతే. తోడు విరిగిపోయినట్లే.

అంటే చట్టం ఉంది, అంకెలున్నాయి. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చక్కెర, డిస్టిలరీలతో సహా 17 రకాల పరిశ్రమలు తమ నీటి గొట్టం దగ్గర రేయింబవళ్లు కొలిచే యంత్రాలు బిగించాలని ఆదేశించింది కూడా. అయినా ఏం జరిగింది?

అదే 2014లో, అక్టోబరు 16న, ఉత్తరప్రదేశ్ హాపుడ్ జిల్లాలోని సింభావలి చక్కెర మిల్లు, డిస్టిలరీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. మిల్లు వ్యర్థాలు ఫుల్డేరా నాలా మీదుగా గంగలోకి చేరుతున్నాయని నిర్ధారించి 5 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఒక మామూలు పౌరుడు వేసిన పిటిషన్ మీద వచ్చిన తీర్పు అది. 2018 మే నెలలో పంజాబ్ గురుదాస్‌పూర్ జిల్లా కీడీ అఫ్గానా ఊళ్లో చక్కెర మిల్లు నుండి మొలాసిస్ పొంగి బియాస్ నదిలోకి చేరింది. నది గోధుమ రంగుకు తిరిగింది. చిన్నా పెద్దా చేపలు గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ నీటి మీద ఆధారపడిన రాజస్థాన్ జిల్లాలలో కూడా జనం కలత చెందారు. పంజాబ్ మండలి 5 కోట్లు జరిమానా వేసింది. బియాస్‌లో పడింది విషం కాదు, బెల్లం మడ్డి లాంటి పదార్థం. పశువుల దాణాలో కలిపేదే. దాదా మియా అడిగిన ప్రశ్నకు అంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక ఆయన ఊరి సంగతి. కాలీ, కృష్ణీ నదులు కలిసే హిండన్ పరివాహక ప్రాంతంలో చక్కెర మిల్లులు, కాగితం మిల్లులు, డిస్టిలరీలు, పట్టణాల మురుగు అన్నీ కలిసి భూగర్భ జలాన్ని సైతం చెడగొట్టాయని దోఆబా పర్యావరణ్ సమితి అనే సంస్థ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. కలుషితమైన చేతిపంపులను మూసివేసి గ్రామాలకు మంచినీరు అందించాలని ట్రిబ్యునల్ ఆదేశించవలసి వచ్చింది. 2018లో హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ వేసింది. నది చెడిపోయింది కదా అని జనం చేతిపంపుకు మారితే, కొన్నాళ్లకు చేతిపంపుకు కూడా సీలు పడిందన్నమాట.

ఇదంతా ఎక్కడో ఉత్తరాదిన అనుకోకండి. వాళ్ల కథలో మనకు పాఠం ఏమిటంటే, కేసు వేసింది ఎవరు? ఒక పౌరుడు. ఒక సంస్థ. నది ఒడ్డున ఉన్న చెరకు రైతు ముందుకు రాలేదు. ఎందుకు రాలేదో మాకు ఆ మూడు రోజుల్లోనే అర్థమైంది. ఆ ప్రాంతంలో పర్చీ అంటారు. మన వైపు పర్మిట్ అంటారు. ఫలానా రోజున ఇన్ని టన్నులు నరికి తీసుకురమ్మని మిల్లు ఇచ్చే చీటీ అది. అది రాకపోతే చెరకు పొలంలోనే ఎండి బరువు తగ్గుతుంది. వచ్చి తోలితే డబ్బులు ఎప్పుడిస్తారో తెలియదు. నెలలు, ఒక్కోసారి మరుసటి ఏడు దాకా బకాయి. రైతు చీటీ మిల్లు చేతిలో, డబ్బు మిల్లు చేతిలో. అటువంటి వాడు మిల్లు గొట్టం మీద ఫిర్యాదు రాసి సంతకం పెడతాడా? మా మిత్రుని తండ్రిని అడిగాము. "మౌల్వీ సాహెబ్, కూతురి పెళ్లి రంజాన్ తరువాత పెట్టుకున్నాము" అని ఊరుకున్నారు. మాకు అర్థం కావటానికి కొంతసేపు పట్టింది.

మన దగ్గర భయం మరొక రకం. బోధన్ పేరు వింటే ఇప్పటికీ నిజామాబాద్ జిల్లా పెద్దల కళ్లు చెమరుస్తాయి. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. దాని చుట్టూ వెలసిన శక్కర్‌నగర్‌లో ఎన్ని ముస్లిం కుటుంబాలు బతికాయో! 2015 డిసెంబరులో అది మూతపడింది. కార్మికులు జీతాల కోసం, రైతులు మిల్లు తెరిపించటం కోసం తిరిగిన కాళ్లరుగుదల అంతా ఇంతా కాదు. అందుకే ఎవరైనా మిల్లు నీళ్ల గురించి నోరెత్తితే, "ఉన్న నాలుగు మిల్లులూ మూయిస్తారా?" అన్న ప్రశ్న ముందు వస్తుంది.

ఈ ప్రశ్నను కొట్టిపారేయటం మాకు ఇష్టం లేదు. ఆకలి గురించి అడిగేవాడికి నది గురించి ఉపన్యాసం చెప్పటం మర్యాద కాదు. కాని ఒక్కసారి ఆలోచించండి. బోధన్ మూతకు కారణాలుగా జనం ఏమేం చెప్పుకుంటారు? నష్టాలంటారు, ప్రైవేటు వారికి అప్పగించటమంటారు, చెరకు సాగు తగ్గటమంటారు. శుద్ధి తొట్టె కట్టినందువల్ల మూతపడిందని అనేవారు మాకైతే తటస్థపడలేదు. మరోవైపు, నీళ్ల విషయంలో నమ్మకం పోతే కొత్త పరిశ్రమను జనం గడప తొక్కనివ్వరు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారం వద్దంటూ రైతులు, ఆడవాళ్లు పిల్లలతో సహా రోడ్డెక్కటం చూశాము. పనులు ఆగిపోయాయి. అంతకుముందు పంజాబ్‌లో జీరా దగ్గర డిస్టిలరీ ముందు నెలల తరబడి ధర్నా జరిగి, 2023 జనవరిలో దాన్ని మూసివేస్తున్నట్లు ప్రభుత్వమే ప్రకటించింది. పెట్రోలులో ఇథనాల్ కలపటం పెరిగిన ఈ రోజుల్లో చక్కెర మిల్లుల పక్కన డిస్టిలరీలు ఇంకా పెరుగుతాయి. నియమం గట్టిగా అమలైతేనే అవి జనం మధ్య నిలుస్తాయి.

ఇక్కడ మన గురించి మనం ఒక మాట చెప్పుకోవాలి. 1996లో సుప్రీంకోర్టు వేలూరు జిల్లా తోళ్ల పరిశ్రమల మీద ప్రసిద్ధమైన తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రం మన న్యాయ వ్యవస్థలో స్థిరపడింది ఆ తీర్పుతోనే. మన కుప్పం మీదుగా పారే పాలారు నదిని పాడు చేసిన ఆ పరిశ్రమలలో ఆంబూరు, వాణియంబాడిలోని మన సోదరుల యాజమాన్యంలోనివి ఎన్నో. జకాత్ ఇచ్చినవారు, మస్జిదులు కట్టించినవారు వారిలో ఉన్నారు. కాబట్టి చక్కెర మిల్లు మరొకరిది కనుక వేలెత్తి చూపుతున్నామని ఎవరూ అనుకోవద్దు.

తిరిగి అసలు విషయానికి వస్తే, ఫిర్యాదు చేయలేని రైతు ఉన్నచోట ఫిర్యాదు కోసం ఎదురుచూసే వ్యవస్థ పనికిరాదు. ఈ సంగతి మన పూర్వీకులకు తెలుసు. ఇమాం మావర్దీ తన అహ్కాముస్సుల్తానియాలో ఖాజీకి, ముహ్తసిబ్‌కు తేడా చెప్పారు. ఖాజీ వాది వచ్చి మొర పెట్టుకుంటే విచారిస్తాడు. ముహ్తసిబ్ అలా కాదు. బజారులో తూకాలు, కల్తీలు, దారుల ఆక్రమణలు ఎవరూ చెప్పకపోయినా తానే తిరిగి చూసి సరిదిద్దాలి. నేటి కాలుష్య నియంత్రణ మండలి ముహ్తసిబ్ స్థానంలో ఉండవలసినది. కాని ఖాజీలా కూర్చుని వాది కోసం ఎదురుచూస్తున్నది. మిల్లు గొట్టం దగ్గర యంత్రం రేయింబవళ్లు కొలుస్తున్నా, ఆ అంకె మండలి కంప్యూటరులో ఉంటే ఊరికి ప్రయోజనమేమిటి? పంచాయతీ ఆఫీసు గోడ మీద, పక్కన బియ్యం కోటా వివరాలు రాసే బోర్డు మీద తెలుగులో ఆ రోజు అంకె రాస్తే, ఏ రైతూ సంతకం పెట్టనక్కర్లేదు. 30 ఉండవలసిన చోట 300 ఉంటే బడికెళ్లే పిల్లవాడే చదువుతాడు.

హల్వానీ గారి మాట దగ్గరకు ఇప్పుడు వద్దాం. మన ప్రమాణాలన్నీ గొట్టం దగ్గర కొలిచేవి. గొట్టంలో 30 ఉంటే చట్టం తృప్తిపడుతుంది. కాని ఫిబ్రవరి నెలలో ఎండిన వాగులో మిల్లు నీళ్లు తప్ప వేరే నీళ్లే లేకపోతే? అప్పుడు మిల్లు నీళ్లే వాగు. 5 మూరలా 7 మూరలా అన్న వాదన లాంటిదే ఇది. చూడవలసింది దిగువన ఉన్న బావి ఎలా ఉందో, వాగు ఎలా ఉందో. అనుమతి ఇచ్చేటప్పుడే వేసవిలో ఆ వాగులో ఎంత నీరుంటుందో లెక్కగట్టాలి. లేనిచోట చుక్క కూడా వాగులోకి వదలకుండా, శుద్ధి చేసిన నీటిని నిల్వ ఉంచి పొలాలకు ఇవ్వాలి. తడి అక్కరలేని రోజుల కోసం 15 రోజుల నీరు పట్టే చెరువు ఉండాలని 2016 నియమాలలోనే ఉంది. దాన్ని చూసి వచ్చిన అధికారులెందరు?

శిక్షల విషయంలో మాత్రం చట్టం వెనక్కి నడిచిందని మా అభిప్రాయం. జల చట్టాన్ని 2024లో సవరించి చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసివేసి, 10 వేల నుండి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. అనుమతి లేకుండా నడిపితే మాత్రం జైలు శిక్ష ఉంచారు. సవరణను మొదట హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తింపజేసి, మిగతా రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో చేరవచ్చన్నారు. 15 లక్షలంటే మనకు పెద్ద మొత్తమే. 5,000 టన్నుల మిల్లుకో? 2024-25లో కేంద్రం ప్రకటించిన చెరకు ధర క్వింటాలుకు 340 రూపాయలు. ఆ లెక్కన మిల్లు రోజుకు కోటీ 70 లక్షల రూపాయల చెరకు నములుతుంది. 15 లక్షలు రెండు గంటల చెరకు ఖరీదు. పట్టుబడితే రెండు గంటల చెరకు కట్టి, పట్టుబడని రోజుల కరెంటు ఖర్చు మిగుల్చుకోవచ్చునని ఎవడైనా లెక్కేస్తే ఆశ్చర్యమేముంది? జైలు మీద మాకేమీ మోజు లేదు. జరిమానా మిల్లు ఆడే చెరకు టన్నులకు, నష్టపోయిన ఊళ్లకు తగినట్లుగా ఉండాలని, ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు కాక దిగువ గ్రామాల మంచినీటికి ఖర్చు కావాలని మాత్రం కోరుతున్నాము. హరిత ట్రిబ్యునల్ 5 కోట్లు వేసింది జరిమానా పట్టిక చూసి కాదు, జరిగిన నష్టం చూసి.

మస్జిదుల ఇమాములకు, కమిటీల పెద్దలకు ఒక మనవి. మిల్లు పరిసరాల్లో ఉన్నవారికి ముఖ్యంగా. ఏ రైతు పేరూ రాయకుండా, మస్జిదు కమిటీ పేరుతో సమాచార హక్కు చట్టం కింద మండలికి ఒక దరఖాస్తు పెట్టవచ్చు. దరఖాస్తు పౌరుడి పేరుతో ఉండాలి కనుక కమిటీలో చెరకు లేనివారు, అంటే మా వంటి టీచరో, దుకాణదారో సంతకం పెట్టాలి. గుడి కమిటీ వారిని, చర్చి పెద్దలను కలుపుకుంటే మరీ మంచిది. వాగు అందరిదీ కదా. అడగవలసినవి ఎక్కువేమీ లేవు. గత సీజనులో గొట్టం దగ్గర రోజువారీ బీఓడీ ఎంత? టన్ను చెరకుకు ఎన్ని లీటర్లు వదిలారు? నిల్వ చెరువు ఉందా, ఎంత పెద్దది? శుద్ధి కేంద్రాన్ని ఏ తారీఖున నడపటం మొదలుపెట్టారు?

మా మిత్రుడు ఇప్పుడు ఆ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. దాదా మియా 1990ల్లోనే కన్నుమూశారు. మొన్న ఫోనులో మాట్లాడుతూ ఆ మెట్ల సంగతి అడిగాము. మస్జిదు వెడల్పు చేసినప్పుడు మెట్లు మట్టిలో పూడ్చేశారట. కుళాయిలు పెట్టించారట. నీళ్లు చాలా లోతు బోరు నుండి వస్తాయట.

నవంబరులో మళ్లీ గానుగ మొదలవుతుంది. మీ దగ్గర మిల్లు ఉంటే శుద్ధి తొట్లలో అక్టోబరు మొదటి వారానికే గాలి యంత్రాలు తిరుగుతూ ఉండాలి. దాని శబ్దం గోడ బయటికి వినిపిస్తుంది.